ఇరవై ఏడో అంశం

పోయిన నెల వేలూరులో ఒక కాలేజీవాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. వ్యాపార సంస్థలకు సలహాలివ్వడమే వృత్తిగా బతికినదాన్ని, పని మానేసి ఇంట్లో కూర్చున్నాక ఇలాంటి పిలుపులు వస్తుంటాయి. ఫోన్ చేసిన లెక్చరరు చాలా మర్యాదస్తుడు. "మేడమ్, మీ అనుభవంలో నేర్చుకున్న పాఠాలు అయిదు చెప్పండి చాలు. ఒక్కొక్కటీ ఒక్క లైనులో ఉంటే ఇంకా బాగుంటుంది, పిల్లలు ఫోటో తీసుకుంటారు" అన్నాడు. ఒళ్ళు మండినా సరేనన్నాను. వెళ్ళి, అయిదు పాఠాలూ అయిదు లైన్లలో చెప్పాను. కస్టమరు మాట వినండి, అంకెలను నమ్మండి, ఇంకా అలాంటివే. చెబుతుంటేనే నాకు ఆవలింత వచ్చింది. పిల్లలు మాత్రం బుద్ధిగా ఫోటోలు తీసుకున్నారు. చివర్లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీ మొట్టమొదటి ప్రాజెక్టు ఏది?" అని అడిగింది. గుడియాత్తంలో ఒక అగ్గిపెట్టెల కంపెనీ అన్నాను. "సక్సెస్ అయిందా మేడమ్?" అంది. అయిందన్నాను. శాలువా కప్పారు. ఆటో ఎక్కి ఇంటికొచ్చేదాకా నా మీద నాకే చిరాకు. ఆ పిల్ల అడిగినదానికి నిజం చెప్పడానికి ఒక లైను చాలదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది వేలూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. మా బంధువుల్లో చాలామందికి తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. నాన్న బడిపంతులు కాబట్టి ఆ సంగతి ఆయనకు అవమానంగా ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున, అమ్మ వంటింట్లో రాగిసంగటి గెలుకుతుంటే, ఆయన నన్ను గడప మీద కూర్చోబెట్టి పలక మీద గుణింతాలు దిద్దించేవాడు. సంగటి ముద్ద అయ్యేలోపల ఒక గుణింతం పూర్తి కావాలి. కాకపోతే సంగటి చల్లారిపోయేది. చల్లారిన సంగటి తిన్న ఆదివారాలు నాకు లెక్కలేనన్ని. ఆ తెలుగే తర్వాత నాకు ఉద్యోగంలో అక్కరకొచ్చింది. మద్రాసులో ఒక సలహా సంస్థలో చేరిన కొత్తలో, గుడియాత్తంనుంచి ఒక అగ్గిపెట్టెల కంపెనీవాళ్ళు ఉత్పత్తి పెంచే మార్గం చెప్పమని అడిగితే, "వాళ్ళు తెలుగువాళ్ళు, నువ్వూ తెలుగు మాట్లాడతావు, నువ్వే వెళ్ళు" అని మా పెద్దసారు నన్ను పంపించాడు. నాకప్పుడు పాతికేళ్ళు. చేతిలో కొత్త తోలుసంచి. అందులో ఒక స్టాప్‌వాచీ, గళ్ళ కాగితాలు, తలలో చెప్పలేనంత పొగరు.

గుడియాత్తంలో మా చిన్నమ్మ కనకమ్మ ఇంట్లో దిగాను. భర్త పోయాక ఆమె ఒక లుంగీల వ్యాపారి దగ్గర మడతపని తీసుకుని ఇంట్లోనే చేసేది. ముందుగది నిండా కొత్త లుంగీలు. గంజి వాసన, రంగు వాసన, వాటి మీద చిన్నమ్మ పొయ్యి మీద మరిగించే కాఫీ వాసన. తెల్లారకముందే లేచి, కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒక్కో లుంగీనీ ఒళ్ళో పరిచి, నాలుగు మడతలు వేసి, అరచేత్తో ఒక్క చరుపు చరిచేది. ఆ చప్పుడే నన్ను నిద్ర లేపేది. చిన్నమ్మకు ఒక అలవాటు. అడిగినదానికి జవాబు చెప్పేది. అడగనిదాని గురించి ఊరు మునిగిపోతున్నా నోరు విప్పేది కాదు. ఆ అలవాటు వల్ల నాకు మూడు వారాలు వృథా అయ్యాయి. ఆ సంగతి తలుచుకుంటే ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అడగనిది నేనే అని తెలిసినా వస్తుంది.

కంపెనీ ఊరి చివర, పెంకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. ముందు పెరట్లో పుల్లలు ఎండేవి. లోపల ఆడవాళ్ళు నేల మీద వరసలుగా కూర్చుని పుల్లల్ని చెక్క చట్రాల్లో గుచ్చేవాళ్ళు. ఆ చట్రాలను వెనకవైపున్న గదిలోకి తీసుకుపోయి పుల్లల కొనలను మందులో ముంచి ఆరబెట్టేవాళ్ళు. దాన్ని మందు గది అనేవాళ్ళు. కంపెనీ ఇద్దరు అన్నదమ్ములది. పెద్దాయన గోవిందరాజులు, చిన్నాయన మునిరత్నం. పనివాళ్ళు తమిళం కలిపి, యజమాని అనే అర్థంలో, పెద్ద ముదలాళి, చిన్న ముదలాళి అనేవాళ్ళు. పుల్లలు, మందు పెద్ద ముదలాళి చూసేవాడు. అట్టపెట్టెలు, కట్టలు కట్టడం, లారీకెక్కించడం చిన్న ముదలాళి చూసేవాడు. ఇద్దరికీ ఒకటే ఆఫీసు గది. దాని మధ్యలో మనిషెత్తు చెక్కల అడ్డుగోడ. ఒక బల్ల ఇటు, ఒక బల్ల అటు.

మొదటిరోజే షెడ్డంతా తిరిగి చూశాను. మందు గదిలో నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళకు పెద్దదిక్కు సలోమి. నలభై ఏళ్ళ మనిషి, చీరకొంగు బిగించి నడుముకు దోపుకుని, చట్రాలను పళ్ళేలు పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుని నడిచేది. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి షెడ్డులోకి, ఒకటి వెనక సందులోకి. వెనక తలుపు మీద బూజు పట్టి ఉంది.

"ఈ తలుపు తెరవరా?" అని అడిగాను.

"తెరుచుకోదమ్మా. బయటికి తోసే తలుపు అది. అవతల ఒక మిషను ఆనించి పెట్టుండారు" అంది సలోమి.

"ఏం మిషను?"

"అట్టలు కోసేది. చెడిపోయి శానా కాలమైంది. పది మంది పట్టినా కదలదు."

"తీయించమని చెప్పలేదా?"

"చెప్పకేం. మేస్త్రీకి రెండు తూర్లు చెప్పినాను. మిషనేమో చిన్న ముదలాళిది, గదేమో పెద్ద ముదలాళిది. ఎవురు తీస్తారు?" వానాకాలంలో వాన పడుతుంది అన్నంత మామూలుగా చెప్పింది ఆ మాట. నేను తలూపి, కాగితం మీద రాసుకున్నాను. రాసుకోవడమంటే నాకప్పుడు పని చేసినట్టే లెక్క.

ఆ తర్వాత మొదలయ్యాయి నా అగచాట్లు. పెద్ద ముదలాళి దగ్గర కూర్చుని ఏదైనా అడిగితే, "అది మునిరత్నాన్ని అడగాలమ్మా. అట్టపెట్టెలు ఎప్పుడొస్తాయో అడిగి చెప్పు" అనేవాడు. నేను లేచి, అడ్డుగోడ చుట్టూ పన్నెండు అడుగులు నడిచి, చిన్న ముదలాళి ఎదురుగా కూర్చుని అదే మాట అడిగేదాన్ని. ఆయన అంతా విని, "మా అన్నతో చెప్పమ్మా, గురువారం వస్తాయి. అట్లనే, మందు సరిగా పట్టడం లేదు, పుల్ల గీస్తే తల ఊడిపోతా ఉండాదని కూడా చెప్పు" అనేవాడు. మళ్ళీ పన్నెండు అడుగులు. ఆ చెక్కల సందుల్లోంచి దగ్గు కూడా స్పష్టంగా వినపడేది. అయినా నేను వెళ్ళి చెప్పేదాకా పెద్దాయన ఏమీ విననట్టే బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ ఉండేవాడు. నేను చెప్పగానే కోపం తెచ్చుకునేవాడు. "తల ఊడిపోతా ఉండాదా? వాడి పెట్టెలకి పక్కన పూసే మందు సరిగా పుయ్యమని చెప్పు ముందు!" రోజుకు అలా ఎన్నిసార్లు తిరిగానో. నేనో, దీన్నంతా గళ్ళ కాగితం మీద బాణాలు గీసి, 'శాఖల మధ్య సమాచార లోపం' అని పేరు పెట్టి మద్రాసుకు పంపాను. పెద్దసారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని నేను దాచుకున్నాను కూడా.

మూడో వారంలో ఒక పొద్దున నేను కాఫీ తాగుతుంటే, చిన్నమ్మ లుంగీ మడత ఆపకుండానే, "ఏమే సుగుణా, ఆడ నువ్వు ఏం పని చేస్తా ఉండావు?" అని అడిగింది.

"సలహాలిస్తా ఉండాను చిన్నమ్మా."

"ఎవురికి?"

"ఇద్దరు ముదలాళులకీ."

"వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు గదా?"

నేను గ్లాసు కింద పెట్టేశాను. "మాట్లాడుకోరా?"

"తొమ్మిదేండ్లయింది. పెద్దాయన కూతురి పెండ్లి పత్రికలో చిన్నాయన పేరు అచ్చు కాలేదు. మరిచిపోయినామని ఈయన, కావాలనే వదిలేసినారని ఆయన. ఆ పొద్దు నుంచి మాటల్లేవు. ముందు ఒక గుమాస్తా ఉండేవాడు పావం, ఇద్దరి మధ్యా మాటలు మోసేవాడు. వాడు తిరుపత్తూరులో పని దొరికి పోయినాడు. అందుకే గదా నిన్ను పిలిపించింది."

నేను చదివిన చదువు, మెడలో వేలాడేసుకున్న స్టాప్‌వాచీ, మద్రాసు సంస్థ పేరు అచ్చేసిన కార్డు, ఇవన్నీ కలిపి నేను ఒక గుమాస్తా ఖాళీలోకి వచ్చానని అప్పుడు తెలిసింది. "ఈ మాట ముందే చెప్పకూడదా చిన్నమ్మా?" అని అరిచినంత పని చేశాను.

"నువ్వు అడిగినావా?" అంది ఆమె, అరచేత్తో లుంగీని చరిచి పక్కన పెడుతూ.

ఊరంతటికీ తెలిసిన సంగతి. టీ అంగడివాడికి తెలుసు, బస్సు కండక్టరుకు తెలుసు. మూడు వారాలు స్టాప్‌వాచీ పట్టుకుని ఆడవాళ్ళ వేళ్ళ వేగం కొలిచిన నాకు తెలియదు. ఎందుకు పిలిచారు అన్న ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు నేను. ఆ రోజు నుంచీ పని మానేసేదాకా, ఎవరు పని అప్పజెప్పినా ఆఫీసులోకి వెళ్ళేముందు ఎదురుగా ఉన్న టీ అంగట్లో ఒక అరగంట కూర్చున్నాను. కాలేజీలో చెప్పాల్సిన పాఠం నిజానికి ఇది. కానీ టీ అంగడి అంటే పిల్లలు నవ్వుతారేమోనని చెప్పలేదు.

తెలిసిన తర్వాతైనా నేను చేసిందేమీ లేదు. మద్రాసుకు వెళ్ళి నివేదిక రాయడానికి కూర్చున్నాను. మొదటి పేజీలో మందు గది వెనక తలుపు గురించి రాశాను. పెద్దసారు చదివి, ఆ కాగితాన్ని వేలి కొసలతో నా వైపు తోశాడు. "వాళ్ళు మనల్ని పిలిచింది ఉత్పత్తి పెంచడానికి. మొదటి పేజీలోనే తలుపులు, మిషన్లు అని మొదలుపెడితే తప్పు పడుతున్నామని కోపం వస్తుంది. చివర్లో 'ఇతర అంశాలు' అని పెట్టి, అందులో మెత్తగా రాయి" అన్నాడు. ఆయన్ను తిట్టుకోవడం సులభం. కానీ ఆ పేరాను మొదటి పేజీలోంచి తీసింది నా చెయ్యే. అరవై పేజీల ఇంగ్లీషు నివేదికలో, వరస సంఖ్య ఇరవై ఏడు దగ్గర, ఒక వాక్యంగా దాన్ని కుదించి పెట్టాను. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంటుంది: మందు విభాగపు రెండవ నిర్గమ మార్గాన్ని అవరోధరహితంగా ఉంచే విషయం వీలునుబట్టి పరిశీలించవచ్చు. తలుపు అనే మాట లేదు. మిషను అనే మాట లేదు. సలోమి లేదు.

నివేదికను నల్ల అట్ట వేయించి రెండు ప్రతులు తీసుకుని నేనూ పెద్దసారూ గుడియాత్తం వెళ్ళాం. అడ్డుగోడకు అటొకటి, ఇటొకటి ఇచ్చాం. పెద్దసారు గోడ చివర నిలబడి, ఇద్దరికీ వినపడేలా గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. పెద్ద ముదలాళికి ఇంగ్లీషులో సంతకం పెట్టడం వచ్చు. చిన్న ముదలాళికి లారీ కాగితాలు చదివేంత వచ్చు. ఇద్దరూ తలూపుతూ కూర్చున్నారు. అయిపోయాక పెద్ద ముదలాళి ఆ పుస్తకాన్ని అరచేతిలో పెట్టి ఎత్తి చూసి, "బాగుండాదమ్మా. మంచి బరువుగా ఉండాది" అన్నాడు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ గదిలో వాళ్ళ భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నోరు తెరిచి, అన్నా, ఆ వెనక తలుపు తెరిపించండి అనడానికి అర నిమిషం పట్టేది. అనలేదు. కాట్పాడిలో రైలు అందుకోవాలని పెద్దసారు తొందరపెడుతున్నాడు, నేను సంచి సర్దుకుంటున్నాను.

రెండు నెలల తర్వాత నేను సెలవు మీద వేలూరులో ఇంట్లో ఉన్నప్పుడు చిన్నమ్మ ఫోను చేసింది. అడగకుండా ఆమె నాకు ఒక సంగతి చెప్పడం అదే మొదటిసారి. "సుగుణా, నీ కంపెనీలో అగ్గి పడింది. ఒక ఆడమనిషిని వేలూరుకు తెస్తా ఉండారు" అంది.

జరిగింది తర్వాత అందరి నోటా విన్నాను. పొద్దున పదిగంటల వేళ. ఆరిన చట్రం ఒకటి చేతిలోంచి జారి ఇంకో చట్రం మీద పడింది. పుల్లలు రాసుకుని భగ్గుమన్నాయి. షెడ్డువైపు తలుపు దగ్గరే మంట. సలోమి తక్కిన ముగ్గురినీ ఒకరి వెనక ఒకరిని ఆ తలుపులోంచి బయటికి నెట్టింది. తను వెళ్ళబోయేసరికి దారి మూసుకుపోయింది. వెనక తలుపు దగ్గరికి పరుగెత్తి భుజంతో తోసింది. తోసింది, మళ్ళీ తోసింది. అవతలి ఇనుము కదల్లేదు. ఇక చీరకొంగు ముఖానికి చుట్టుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మంటలోంచే వచ్చేసింది. ప్రాణం దక్కింది. చేతులు కాలాయి.

నేను ముందు మద్రాసుకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు, ఎవరో ఒకరు నన్ను తిట్టాలనిపించిందేమో. పెద్దసారు అంతా విని, "మనం రాశాం కదా? ఏ పేజీ?" అని అడిగాడు. చెప్పాను. కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది. "ఆ, ఉంది. ఇరవై ఏడో అంశం. బ్రహ్మాండం. మనకేం భయం లేదు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. బ్రహ్మాండం అన్న మాట నేను అప్పటినుంచి వాడను. మనుమరాలు బొమ్మ గీసి చూపిస్తే కూడా ఆ మాట నా నోట రాదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. సలోమి మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతులకూ మోచేతులదాకా కట్లు. వాళ్ళ అక్క ఇడ్లీ తుంచి నోట్లో పెడుతోంది. నన్ను చూసి సలోమి నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక నేను తొందరగా మాట్లాడేశాను.

"సలోమమ్మా, ఆ తలుపు సంగతి నేను మొదటిరోజే చూసినాను."

"ఆమా, చూసినావు. నేనే గదా చూపించింది."

"నేను రాసినాను కూడా."

"రాసినావా?" అంది. నమిలేది ఆపి నా ముఖంలోకి చూసింది. "ఎవురికి రాసినావు?"

ముదలాళులకా? వాళ్ళు చదవలేరని నాకు తెలుసు. పనివాళ్ళకా? వాళ్ళ కంట ఆ పుస్తకం పడనే లేదు. ఎవరికి రాశానో ముందురోజు ఫోన్లో తెలిసింది. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే మా సంస్థ చూపించుకోవడానికి రాశాను. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. ఆమె మళ్ళీ అడగలేదు. వాళ్ళ అక్కవైపు నోరు తెరిచింది, ఆమె ఇంకో ముక్క పెట్టింది.

అక్కడినుంచి తిన్నగా బస్టాండుకు పోయి గుడియాత్తం బస్సెక్కాను. ఎవరినీ అడగలేదు, ఎవరి అనుమతీ తీసుకోలేదు. కంపెనీ ఆ రోజు నడవడం లేదు. పనివాళ్ళు పెరట్లో గుంపులుగా కూర్చుని ఉన్నారు. పెద్ద ముదలాళి ఒక చివర కుర్చీలో, చిన్న ముదలాళి ఇంకో చివర గోడకానుకుని. నేను పెద్ద ముదలాళి దగ్గర బీరువా తాళంచెవి అడిగి తీసుకుని, ఆఫీసులోకి వెళ్ళి, నల్ల అట్ట పుస్తకాన్ని బయటికి తెచ్చి, పెరటి మధ్యలో నిలబడి దాన్ని తెలుగులో చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీనుంచి కాదు. ఇరవై ఏడో అంశంనుంచి. ఆ వాక్యాన్ని తెలుగులోకి మార్చి చదవబోతే నోరు తిరగలేదు. పుస్తకం మూసేసి, "మందు గది వెనక తలుపు తెరుచుకోదు. అవతల మిషను ఉండాది. ఈ సంగతి నాకు నాలుగు నెలలుగా తెలుసు. మీకు చెప్పలేదు" అన్నాను.

పెద్ద ముదలాళి గొంతు సవరించుకుని, "మునిరత్నంతో చెప్పమ్మా, ఆ మిషను..." అన్నాడు.

"నేను చెప్పను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయన ఆడే ఉండాడు. మీరే చెప్పండి."

"మేడమ్మా, మా అన్నతో..." అని చిన్న ముదలాళి మొదలుపెట్టాడు.

"మీకూ చెప్పను. సలోమి చేతులు కాలింది నేను మీ ఇద్దరికీ మాటలు మోసినందుకు. ఇక మోయను."

అంత పెద్దవాళ్ళతో అలా మాట్లాడడం తప్పేనేమో. మా నాన్నకు తెలిసి నాలుగురోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ పెరట్లో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. పెద్దాయన లేచి, పంచె ఎగ్గట్టుకుని వెనక సందులోకి నడిచాడు. చిన్నాయన వెనకాలే వెళ్ళాడు. పనివాళ్ళు కొందరు గడ్డపారలు, మోకులు తెచ్చారు. మిషను కింద గడ్డపార దూర్చి పెద్దాయన ఎత్తబోతే అది పక్కకు ఒరిగింది. అప్పుడు ఆయన తమ్ముడి ముఖం చూడకుండానే, "ఆ పక్క పట్టుకో" అన్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట. తమ్ముడు పట్టుకున్నాడు. ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు, కౌగిలించుకోలేదు. మిషను కదిలాక ఇద్దరూ చేతులు దులుపుకుని చెరో పక్కకు పోయారు. తర్వాత కూడా వాళ్ళు మాట్లాడుకున్నది అవసరం ఉన్నంతవరకే. మూడేళ్ళకు కంపెనీని రెండుగా పంచుకుని విడిపోయారని విన్నాను. విడిపోవడానికైనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారట. సలోమి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చిన్న ముదలాళి వారం వారం బస్సెక్కి వచ్చి చూసి వెళ్ళేవాడు. పెద్ద ముదలాళి ఒక్కసారీ రాలేదు. వచ్చే ముఖం లేదని చిన్నమ్మతో ఎవరో అన్నారట.

నేను ఆ నెలాఖరుకు మద్రాసు ఉద్యోగం వదిలేశాను. తర్వాత వేలూరు చుట్టుపక్కలే సొంతంగా పని చేశాను. కనియంబాడిలో బియ్యం మిల్లులు, ఒడుగత్తూరులో చింతపండు మండీలు, రాణిపేటలో తోళ్ళ పనులు. ఇప్పుడు ఈ పనికి వస్తున్న పిల్లలను చూస్తుంటాను. మాకంటే చదువుకున్నవాళ్ళు, చురుకైనవాళ్ళు. మేము గళ్ళ కాగితం మీద వారం రోజులు గీసినదాన్ని వాళ్ళు కంప్యూటరులో అరగంటలో రంగులతో తీసుకొస్తారు. అది మంచిదే, నాకు అసూయ కూడా. కానీ మొన్న ఒక కుర్రవాడు నాకు చూపించిన నివేదికలో నూట పది పేజీలున్నాయి. బట్టల మిల్లు మీద. "మిల్లులో పనిచేసేవాళ్ళు ఎంతమందితో మాట్లాడావు నాయనా?" అంటే, "డేటా అంతా సిస్టంలోనే ఉంది ఆంటీ" అన్నాడు. నేను తల పట్టుకుంటే నాకు నొప్పి వచ్చిందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. వాణ్ణి అనడానికి నాకేం హక్కుంది? నేను మనుషులతో మాట్లాడాను, వాళ్ళు చెప్పింది విన్నాను, చక్కగా రాసుకున్నాను, చివరికి వాడికంటే అన్యాయమైన పని చేశాను.

సలోమిని ఆ తర్వాత ఒకసారే చూశాను. చేతులు మానాక ఆమె మళ్ళీ అదే కంపెనీలో చేరింది. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు, చట్రం పట్టుకోలేదు. అందుకని మందు గదికి కాపలాగా వేశారు. నేను వెళ్ళేసరికి పొద్దున పని మొదలుపెట్టబోతున్నారు. ఆమె మొదట షెడ్డు తలుపు తెరిచి మూసింది. తర్వాత వెనక తలుపు తెరిచి, సందులోకి నాలుగడుగులు నడిచి, అటూ ఇటూ చూసి, తిరిగొచ్చింది. ఆ తర్వాతే ఆడవాళ్ళను లోపలికి రమ్మంది.

"రోజూ ఇట్లనే చూస్తావా?" అని అడిగాను.

"రోజూ చూస్తాను. పని ఆలస్యమవుతాదని మేస్త్రీ సణుగుతాడు. సణగనీ" అంది.

నేను చాలా రోజులుగా మనసులో కూర్చుకున్న మాటలు చెప్పాలని నోరు తెరిచాను. నన్ను మన్నించమని అనబోయాను. ఆమె వంగని వేళ్ళ చెయ్యి ఎత్తి ఆపేసింది.

"అదంతా వేండామమ్మా, వద్దు. నువ్వు ఇంకో కంపెనీకి పోతావు గదా?"

"పోతాను."

"ఆడ నోరు తెరువు" అంది. చట్రాలు వస్తున్నాయి, దారిలోంచి పక్కకు జరగమని నాకు సైగ చేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా కంపెనీలకు పోయాను. చాలాచోట్ల నోరు తెరిచాను. కొన్నిచోట్ల పని పోయింది, కొన్నిచోట్ల మెచ్చుకున్నారు. కానీ అన్నిచోట్లా తెరిచానని చెబితే అది కూడా కాలేజీలో చెప్పిన అబద్ధంలాంటిదే అవుతుంది. నాలుగుచోట్ల తెరవలేదు. ఒకచోట క్లయింటు మా బంధువు, ఒకచోట ఒంట్లో బాగాలేదు, రెండుచోట్ల ఊరికే, విసుగెత్తి. అదృష్టవశాత్తూ ఆ నాలుగుచోట్లా ఎవరికీ ఏమీ కాలేదు. నోరు తెరిచిన కంపెనీల పేర్లు అడిగితే సగం నాకు గుర్తు లేవు. ఆ నాలుగింటి పేర్లూ, వాటిలో ఏ గోడ పగిలి ఉందో, ఏ తీగ వేలాడుతోందో, దాని కింద కూర్చుని ఎవరు పని చేస్తున్నారో, అన్నీ చెప్పగలను.